సున్నా వేరు, గీత వేరు: చాతకం లెక్క, 2025 ఎండాకాలం చివర

మే 11, ఆదివారం

ఈ లెక్క ఎందుకు మొదలైందో ముందు రాసి పెడతా, తర్వాత మర్చిపోతాం. పోయినేడు జూన్‌లో మా పిట్టల గుంపులో చిన్న గొడవైంది. చాతకం ఎప్పుడొచ్చింది అంటే సార్ జూన్ 2 అన్నారు, నర్సక్క 9 అంది, నేను 14 అన్నా. ముగ్గురం నిజమే చెప్పాం. కాకపోతే 14కి ముందు పది రోజులు మా ఇంట్లో పెళ్ళి, నేను గుమ్మం దాటి చెరువు వైపు పోయిందే లేదు. కాబట్టి ఆ 14 అనేది పిట్ట వచ్చిన తేదీ కాదు, పెళ్ళి సామాను సర్దడం అయిపోయి నాకు తీరిక దొరికిన తేదీ.

అందుకని ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నాం. హైదరాబాద్ దగ్గరి చేవెళ్ళ దాటాక మా ఊళ్ళ చుట్టుపక్కల ఆరు దారులు పెట్టుకున్నాం, ఒక్కోటి సుమారు కిలోమీటరు. ఒకటి చెరువు కట్ట, అది నాది. రెండు తాళ్ళ తోపు, డిగ్రీ చదివే తమ్ముడిది. మూడు గుట్ట కింద బీడు, అక్కడ తుమ్మలు, రేగుపొదలు ఎక్కువ, అది నర్సక్క డ్యూటీకి పోయే దారే. నాలుగు మామిడితోటల వెంబడి, బ్యాంకులో పనిచేసే అన్న చూస్తాడు. అయిదు స్కూలు వెనక కంచె, పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఇద్దరు అమ్మాయిలు. ఆరు సార్‌ది, రిటైరైన లెక్కల టీచరు, ఆయన మర్రిచెట్ల రోడ్డే కావాలని పట్టుబట్టారు. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు పక్కన ఉన్న దాదాపు 900 మర్రిచెట్లలో ఒక ముక్క అది. రోడ్డు వెడల్పు చేసే పనిలో ఆ చెట్ల గొడవ ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది, అందుకే ఆయనకు ఆ దారి మీద మమకారం.

పొద్దున 6 నుంచి 6:30 దాకా నడవాలి. కనబడినా వినబడినా రాయాలి. నోటుబుక్కులో తేదీ, మొదలైన టైము, మబ్బు, గాలి, చాతకాలు ఎన్ని, బాబ్లర్ల గుంపులు ఎన్ని, ఇతర సంగతులు. బాబ్లర్లు ఎందుకంటే చాతకం గుడ్లు పెట్టేది ఎక్కువగా వాటి గూళ్ళలోనే. ఏడుగురు అక్కచెల్లెళ్ళు అంటారు చూడండి, పొద్దస్తమానం కలిసి తిరుగుతూ కలిసి అరుచుకునే మట్టిరంగు పిట్టలు, అవే.

సార్ ఒక్క రూలు మాత్రం గట్టిగా పెట్టారు. నడిచి చూసి కనబడకపోతే 0 వెయ్యాలి. అసలు నడవకపోతే గీత గియ్యాలి. ఖాళీగా వదిలెయ్యకూడదు. "సున్నాకి విలువ లేదని ఎవడన్నాడో గానీ ఈ బుక్కులో దానికే విలువెక్కువ" అని ఆయన అన్నప్పుడు అందరం నవ్వాం. ఇప్పుడు ఆ సున్నాలు వెయ్యడానికి చెయ్యి రావడం లేదు, అది వేరే సంగతి.

మే 14

నా దారిలో 0. చెరువులో నీళ్ళు మూడు గుంటల్లో మిగిలాయి. పూడికమట్టి కోసం జేసీబీలు తవ్విన గుంటలవి, లోతుగా ఉన్నాయి గనక ఎండినా అడుగున నీళ్ళున్నాయి. మిగతా అంతా నెర్రెలు. చలికాలం బాతులు ఎప్పుడో వెళ్ళిపోయాయి, ఉన్నవల్లా ఇక్కడివే. చుక్కమూతి బాతులు 6, మునుగుడు కోళ్ళు 4, నీటికాకులు 11, నత్తల కోసం నత్తగుల్ల కొంగలు 9. గుడ్డికొంగలు మాత్రం పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. చలికాలమంతా మట్టిరంగులో కనబడకుండా కూర్చునే కొంగే, ఇప్పుడు వీపంతా ముదురు మెరూన్. పశువుల వెంట తిరిగే తెల్లకొంగలకీ తలా మెడా నారింజరంగు పట్టింది. ఎండాకాలం అయిపోవస్తోందని వాతావరణ వార్తలకంటే ముందు నాకు చెప్పేవి ఇవే.

గుంటకి ఇరవై అడుగుల దూరంలో తీతువు గూడు. గూడు అనడం మర్యాదకి, నాలుగు గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, అంతే. నేను కాలు వెయ్యబోయి ఆగా. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి కట్ట మీంచి బైనాక్యులర్స్‌తో చూస్తే తల్లో తండ్రో గుంట దాకా నడిచి, పొట్ట నీళ్ళలో ముంచి, వచ్చి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లకి చల్లదనం కోసం ఈకలు తడుపుకుని వస్తాయని చదివా గానీ కళ్ళతో చూడటం ఇదే మొదలు. గంటలో మూడుసార్లు వెళ్ళింది.

మట్టి ట్రాక్టర్లు ఆ పక్కనుంచే పోతున్నాయి. చుట్టూ కంప వేద్దామని తమ్ముడన్నాడు. వద్దన్నా, కంప వేస్తే కుక్కలకీ కాకులకీ మనమే బోర్డు పెట్టినట్టు. డ్రైవరుతో మాట్లాడితే "తీతువా? అది అరిస్తే మంచిది కాదంటరు కదా అన్నా" అన్నాడు, అంటూనే బండిని పది గజాలు పక్కకి తిప్పి దారి మార్చాడు. నమ్మకం ఒకటి, మనసు ఒకటి.

మే 18, ఆదివారం

ఈ రోజు పరువు పోయింది.

ఆదివారం గనక అందరం చెరువు కట్ట మీద కలిశాం. నా ఫోన్‌లో మెర్లిన్ ఆన్ చేసి ఉంది, కార్నెల్ వాళ్ళ ఉచిత యాప్ అది, చుట్టూ వినబడే కూతల్ని బట్టి పిట్ట పేరు చూపిస్తుంది. 6:12కి చాతకం అని చూపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పియూ పియూ అని నాకూ లీలగా వినబడింది. టెన్షన్‌తో చెయ్యి వణికింది. మే 18న చాతకం! బుక్కులో 1 వేసి చుట్టూ గుండ్రం కూడా గీశా.

తీరా చూస్తే తూము దగ్గర మా వాడొకడు అందరికీ గొంతు గుర్తుండాలని ఫోన్‌లో చాతకం రికార్డింగ్ పెట్టుకుని వింటున్నాడు. యాప్ తప్పేం లేదు పాపం, చాతకం గొంతే కదా విన్నది. మనమే మనల్ని మోసం చేసుకున్నాం. ఆ 1 కొట్టేసి పక్కన కారణం రాశా, చెరిపెయ్యలేదు. కొత్త రూలు: నడిచే టైములో ఎవరూ రికార్డింగ్ పెట్టకూడదు. లెక్క చెడుతుందనే కాదు, గూళ్ళు కట్టే కాలంలో ఎక్కడినుంచో ఇంకో మగపిట్ట అరుస్తున్నట్టు వినిపిస్తే అక్కడున్నది తన పని మానేసి కొట్లాటకి తిరుగుతుంది. యాప్ ఏం చూపించినా కంటితో చూడటమో, ఇద్దరు చెవితో వినడమో జరిగితేనే అంకె వెయ్యాలని కూడా అనుకున్నాం.

మే 22

ఆరు దారుల్లోనూ 0. సాయంత్రం గాలిదుమారం, పెద్ద వాన. మామిడితోటల దారిలో కాయలు రాలిపోయాయని అన్న దిగులుగా చెప్పాడు. పిట్టల సంగతి అడగబుద్ధి కాలేదు.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె ఇవాళే మొదలు. రోహిణిలో రోళ్ళు పగలాలి, మేం గొడుగులు పట్టుకుని నడిచాం. నిన్న రుతుపవనాలు కేరళకి వచ్చేశాయని ప్రకటించారు. మామూలుగా జూన్ 1, ఈసారి మే 24. 2009 తర్వాత ఇంత ముందు రావడం ఇదేనట.

మాకైతే ఇది అదృష్టమే అనాలి. వానకి ముందు చాతకం వస్తుందని, అది వచ్చి పిలిస్తేనే వాన పడుతుందని, చినుకుని గాల్లోనే నోటితో పట్టుకు తాగుతుందని చిన్నప్పట్నుంచి వింటున్నాం. అది తినేది ఎక్కువగా గొంగళి పురుగుల్ని, బొచ్చున్నవాటిని కూడా వదలదు. వానలు పడి చిగురొస్తే పురుగు, పురుగుంటే చాతకం, పైగా అదే టైముకి బాబ్లర్ల గూళ్ళు. ఇలా ఆలోచిస్తే వానకీ దానికీ సంబంధం ఉండే ఉంటుంది, కానీ ఏది ముందు? వాన రెండు వారాలు ముందుకు జరిగితే పిట్ట కూడా జరుగుతుందా, లేక అది తన టైముకే వస్తుందా? ఇలాంటి ఏడాదే కదా కావాల్సింది.

ఒక చిక్కు మాత్రం ఉంది, సార్ గుర్తు చేశారు. చాతకాల్లో ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి వచ్చేవి వేరే, దక్షిణాన ఏడాదంతా ఉండేవి వేరే. 2020లో డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ వాళ్ళు రెండు చాతకాలకి ఉపగ్రహ ట్యాగులు కట్టి మేఘ్, చాతక్ అని పేర్లు పెట్టి వాటి ప్రయాణం గమనించారు. మన దగ్గర ట్యాగులూ లేవు, గీగులూ లేవు. తుమ్మకొమ్మ మీద కూర్చున్నది సముద్రం దాటి వచ్చిందా, కర్ణాటక దాటి వచ్చిందా అన్నది కింద నిలబడి చెప్పలేం. కాబట్టి "మా దారిలో మొదట కనబడిన రోజు" అని మాత్రమే రాద్దాం, "వలస వచ్చిన రోజు" అని వద్దు.

మే 28

మూడు రాత్రులు వరసగా వాన. రుతుపవనాలు తెలంగాణలోకి కూడా వచ్చేశాయి. గుంటలు నిండి ఒకదాన్నొకటి కలిశాయి. తీతువు గూడున్న చోట ఇవాళ మోకాలి లోతు నీళ్ళు. రెండూ ఒడ్డున నిలబడి అరుస్తున్నాయి. ట్రాక్టరు తప్పింది, కుక్క తప్పింది, ముందొచ్చిన వాన తప్పలేదు. పొదగడానికి నాలుగు వారాలు పడుతుంది, మామూలు ఏడాదైతే పిల్లలు బయటికొచ్చి పరిగెత్తాకే చెరువులోకి నీళ్ళొచ్చేవి. ఇతర సంగతుల గడిలో ఇదంతా పట్టలేదు, వెనక పేజీలో రాశా.

తమ్ముడి తాళ్ళ తోపులో మాత్రం పండగ. గిజిగాళ్ళ మగపిట్టల తలలు పసుపెక్కాయి, గడ్డి మొలిచింది గనక పోచలు చీల్చుకొస్తున్నాయి. ఇవాళ్టికి హెల్మెట్ ఆకారం దాకా వచ్చిన గూళ్ళు 7. ఆ దశలో ఆడపిట్ట వచ్చి చూస్తుంది, నచ్చితేనే మగది మిగతా గూడూ కింద గొట్టమూ అల్లుతుంది. ముంజలు కోసేవాళ్ళు పాత గూళ్ళున్న మట్టల్ని వదిలేసి కోస్తున్నారట, తమ్ముడు అడక్కుండానే.

చాతకం 0, 0, 0, గీత, 0, 0. గీత బ్యాంకు అన్నది. అతని వరస గీతలతోనే నిండుతోంది, ఏమీ అనలేం, నెలాఖరు.

జూన్ 3

వచ్చింది!

మూడో దారి, 6:21, నర్సక్క. రేగుపొద పక్కన తుమ్మ మీద, పైన నలుపు, కింద తెలుపు, తల మీద కుచ్చు, ఎగిరినప్పుడు రెక్కలో తెల్ల మచ్చ. ఫొటో కూడా పంపింది. ఫొటోలో తోక, ఒక ముల్లు, బోలెడంత ఆకాశం ఉన్నాయి, కానీ తోక చివర్ల తెల్లచుక్కలు స్పష్టం. చాలు. కంగారులో సగం దారిలో ఆగి అందరికీ ఫోన్లు చేసి మిగతా సగం నడవలేదని తనే ఒప్పుకుని రాసింది. మంచిదే.

ఆ దారిలో జూన్ 1న 0, జూన్ 2న గీత, నైట్ డ్యూటీ. అంటే 2నో 3నో అనుకోవాలి.

జూన్ 4

అక్క దారి చూద్దామని వెళ్తే మేకల తాత కలిశాడు. బుక్కు చూసి నవ్వి, "మీరు గిప్పుడు రాస్తున్నరు గని బిడ్డా, గా జుట్టు కోయిల మొన్న ఐతారమే ఒచ్చింది" అన్నాడు.

జుట్టు కోయిల అంటే చాతకమే, ఐతారం అంటే జూన్ 1. ఆ రోజు అక్క 0 వేసింది. "ఎక్కడ చూశావు తాతా?" అంటే గుట్ట అవతలి వైపు చూపించాడు. "అంతకుముందు దినం ఉండెనా?" అన్నా. "నాకేమెర్క, శనారం మేకలు అటు పోలే" అన్నాడు.

తాతది కూడా గీతే అన్నమాట. ఆయన మాటని ఇతర సంగతుల్లో రాశాం, అంకెల్లో కలపలేదు. అలాగని కొట్టిపారెయ్యలేదు కూడా. రోజుకి పది గంటలు బీట్లో ఉండే మనిషి కళ్ళు, మా అరగంట కళ్ళు ఒకటి కావు. వచ్చే ఏడు తాతకి ఒక చిన్న క్యాలెండర్ ఇచ్చి మేకలు అటు పోయిన రోజున ఒక చుక్క, కోయిల కనబడితే రెండో చుక్క పెట్టమని అడగాలి.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. ఊళ్ళో చేపల దగ్గర లైను, మా ఇంట్లోనూ కొర్రమీను. పొద్దున కట్ట మీద నాకూ చాతకం దొరికింది, రెండు, ఒకదాన్నొకటి తరుముకుంటూ. జూన్ 4, 5, 6, 7 నాలుగు రోజులూ 0, కాబట్టి నాది గట్టి తేదీ అని సార్ మెచ్చుకున్నారు. జీవితంలో సున్నాలకి మార్కులు రావడం ఇదే.

వాన మాత్రం మే ఆఖర్లో ఆగిందే ఆగింది. ఎండ మళ్ళీ పాత ఎండే. తాళ్ళ తోపులో గడ్డి ఎండి పోచ వంగడం లేదు, గూళ్ళు 7 దగ్గరే ఆగిపోయాయి, రెండు గాలికి రాలిపోయాయి. వాన పడిందని పత్తి గింజలు పెట్టినవాళ్ళూ ఇట్లాగే ఆకాశం చూస్తున్నారు.

జూన్ 15, ఆదివారం

తమ్ముడి దారిలో 9న కనబడింది, 5న 0, మధ్యలో మూడు గీతలు, అత్తమ్మ వాళ్ళ ఊరెళ్ళాడు. స్కూలు కంచెలో 12న, 11న 0. ఆ అమ్మాయిలిద్దరూ ఒక్క గీత కూడా లేకుండా నెల నడిచారు, మా అందరికంటే శుభ్రమైన బుక్కు వాళ్ళది. అదనంగా కాకి ఒకటి తనకంటే గొంతు పెద్దదైన కోకిల పిల్లకి మేత పెట్టడం కూడా చూసి రెండు పేజీలు రాశారు. మామిడితోటల దారిలో ఇవాళ కనబడింది, 10న 0, మధ్యలో నాలుగు గీతలు, అంటే 11 నుంచి 15 లోపు ఎప్పుడైనా కావచ్చు. మర్రిచెట్ల దారిలో ఇంకా 0.

రెండు రోజులుగా వానలు మళ్ళీ మొదలయ్యాయి. తీతువులు చెరువు లోపల కాకుండా కట్ట దిగువన ఎత్తు మీద కూర్చుంటున్నాయి, దగ్గరికి పోలేదు. గుడ్లున్నాయో లేదో వాటికే తెలుసు.

జూన్ 22, ఆదివారం

సార్ ఇంటి వరండాలో లెక్కలు. నేను అనుకున్నదానికంటే ఇదే ఎక్కువ నచ్చింది.

నా దారిలో పిట్ట మొదట కనబడిన 8వ తేదీ తర్వాత 13 సార్లు నడిచా. 8 సార్లు దొరికింది, 5 సార్లు 0. పిట్ట అక్కడే తిరుగుతోందని అనుకుంటే, ఉండి కూడా నాకు దొరకని రోజులు 13కి 5, అంటే నూటికి 38. కాబట్టి ఒక్క 0 చూసి పిట్ట లేదు అనుకుంటే దాదాపు పదింట నాలుగు సార్లు పొరపాటే. రెండు 0లు వరసగా వస్తే ఆ పొరపాటు నూటికి 15కి దిగుతుంది, మూడైతే 6, నాలుగైతే 2. నా నాలుగు సున్నాలకి సార్ ఎందుకు మెచ్చుకున్నారో అప్పుడు అర్థమైంది. అదే లెక్కన తమ్ముడి 9వ తేదీ, అన్న 15వ తేదీ బలహీనమే, ఒక్క సున్నా మీద ఆధారపడి ఉన్నాయి. ఇక్కడ ఒక లొసుగు కూడా ఉంది. వచ్చిన కొత్తలో అది ఎక్కువ అరవకపోతే ఇంకా తక్కువ దొరుకుతుంది, అప్పుడు ఈ 38 సరిపోదు. దాన్ని ఎలా పట్టాలో మాకు తోచలేదు.

మా అక్షరాలు మేమే చదువుకోలేని పరిస్థితి గనక బుక్కుల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాం. చూసిన పిట్టల లిస్టులు అందరూ పెట్టే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లోకి కూడా పెడుతున్నాం. అందులో లిస్టు పెట్టేటప్పుడు గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా అని ఒక ప్రశ్న అడుగుతుంది. ఇన్నాళ్ళూ అది ఎందుకడుగుతుందా అని చిరాకుపడి ఏదో ఒకటి నొక్కేసేవాణ్ణి. అన్నీ రాశాను అంటేనే రాయని పిట్ట సున్నా అవుతుంది, లేదంటే గీత. మన సార్ రూలే.

వాన ముందా, చాతకం ముందా అన్న ప్రశ్నకి ఈ ఏడు మా ఆరు దారుల్లో వాన వారం ముందొచ్చింది, తాత మాట కలుపుకున్నా అంతే. బ్యాంకు అన్న అప్పుడే "చాతకం వానను తేదని తేలిపోయింది" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఏం తేలలేదన్నా, ఒక్క ఏడాది, అదీ తేదీలన్నీ తలకిందులైన ఏడాది. అయిదేళ్ళు ఇవే దారుల్లో ఇదే అరగంట నడిస్తే అప్పుడు మాట్లాడదాం. అప్పటికి సగం మంది పెళ్ళిళ్ళు, బదిలీలు అంటూ పోతారని నా భయం, అందుకే దారుల మ్యాపులు గీసి, ఏ చెట్టు దగ్గర మొదలు, ఏ రాయి దగ్గర ఆఖరు అన్నది కూడా రాసి పెట్టాం.

జూన్ 29, ఆదివారం

గిజిగాళ్ళ గూళ్ళు 19. ఆడపిట్టలు లోపలికి వెళ్ళొస్తున్నవి 4. తీతువు కట్ట దిగువన కూర్చునే ఉంది. జులై నుంచి బాబ్లర్ల గుంపుల వెంట పడాలి, వాటి వెనకాల మేత అడిగే చాతకం పిల్ల కనబడితే ఈ లెక్కకి రెండో భాగం మొదలవుతుంది. ఆ పని ఇద్దరు అమ్మాయిలు మాదే అన్నారు, కాలేజీలు తెరిచారు గనక ఇక ఆదివారాలే.

మర్రిచెట్ల దారిలో 0. సార్ ఇప్పటికి 44 సున్నాలు వేశారు, గీతలు 6. అక్కడ బాబ్లర్ల గుంపులే రెండు, పైగా లారీల మోత, రాకపోవచ్చు సార్, వేరే దారి తీసుకోండి అన్నా. వినలేదు. రేపు సోమవారం కూడా వెళ్తారట, కొత్త పెన్ను తెప్పించమన్నారు.